హింగోలి మన పొరుగే

ఆదిలాబాద్ జిల్లా బోథ్ నుంచి మాట్లాడుతున్నాను.

రేడియోలో ఎఫ్.ఎం. స్టేషన్లు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ నడుమ వస్తాయి. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పేటప్పుడు మధ్యలో ఒక గరగర వినిపిస్తుంది. ఎప్పుడెప్పుడు పాట వస్తుందా అని మనం దాన్ని దాటేస్తాం. ఆ గరగరలో కొంత చుట్టుపక్కల మోటార్లది, కరెంటు తీగలది. కొంత రేడియో లోపలి భాగాలది. కొంత మాత్రం నిజంగానే ఆకాశానిది. మన పాలపుంతలో అయస్కాంత క్షేత్రాల వెంట సుడులు తిరిగే ఎలక్ట్రాన్లు పంపేది. వీటన్నిటి అడుగున, ఏ ఇంటి రేడియోకూ అందనంత సన్నగా ఇంకొక సంకేతం ఉండాలని శాస్త్రవేత్తల లెక్క. అది మొట్టమొదటి నక్షత్రాలు వెలిగిన నాటి హైడ్రోజన్‌ది.

హైడ్రోజన్ పరమాణువు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాన్ని విడుస్తుంది, పీల్చుకుంటుంది కూడా. ఆ తరంగం బయల్దేరిన నాటి నుంచి విశ్వం పెరుగుతూనే ఉంది. విశ్వంతో పాటు తరంగమూ సాగుతూ వచ్చింది. 14 రెట్లు సాగిందనుకోండి, ఇవాళ అది మనకు 100 మెగాహెర్ట్జ్ దగ్గర చేరుతుంది. మనం పాటలు, పంటల ధరలు, వార్తలు వినే పట్టీకి నట్టనడుమ అన్నమాట. అది బయల్దేరిన నాడు విశ్వానికి సుమారు 32 కోట్ల ఏళ్లు. ఇవాళ 1380 కోట్ల ఏళ్లు.

ఈ సంకేతాన్ని పట్టడం ఎంత కష్టమో ఊహించండి. పాలపుంత చప్పుడులో ఇది పదివేలో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. దానిమీద మళ్లీ ప్రతి పట్టణంలోనూ ఎఫ్.ఎం. టవర్లు. అందుకే బెంగళూరులోని రామన్ రిసర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘సారస్’ అనే పరికరాన్ని తయారుచేసుకుని, దాన్ని నగరంలో పెట్టకుండా టవర్ల చప్పుడు తక్కువగా ఉన్న చోటు వెతుక్కుంటూ బయల్దేరారు. రెండో తరం సారస్‌కు 2016, 2017 సంవత్సరాల్లో చోటు దొరికింది మన తెలుగు నేల మీదే. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర, బీడుపడిన కొండలను మళ్లీ పచ్చబరిచిన టింబక్టు కలెక్టివ్ ఆవరణలో దాన్ని నిలబెట్టారు. మొదటి నక్షత్రాల గురించి అప్పటికి ఉన్న ఊహల్లో కొన్ని నిలబడవని అక్కడి కొలతలతో తేలింది.

ఆ తర్వాతి కథ నాకు మరీ ఇష్టం. 2018లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ‘ఎడ్జెస్’ అనే పరికరం ఈ సంకేతాన్ని పట్టేసిందని అమెరికా పరిశోధకులు ప్రకటించారు. 78 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించిన ఆ గుర్తు, ఎవరూ అనుకోనంత లోతుగా ఉంది. అది నిజమైతే భౌతికశాస్త్రంలో కొత్త అధ్యాయం తెరవాలి. లోకమంతా వ్యాసాలు రాసింది. సారస్ బృందం మాత్రం తమ మూడో తరం పరికరాన్ని తెప్పలా తేలేట్టు చేసి, 2020 మొదట్లో కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువులో, శరావతి వెనుక నీళ్లలో వదిలింది. నీళ్ల మీదే ఎందుకంటే, యాంటెన్నా కింద మన్ను, రాయి, తడి పొరలు పొరలుగా ఉంటే ఆ పొరల నుంచి వెనక్కి వచ్చే తరంగాలు కొలతను చెడగొడతాయి. నీరు అడుగుదాకా ఒకే తీరుగా ఉంటుంది. 2022లో వాళ్లు ఫలితం ప్రకటించారు. ఎడ్జెస్ చూపించిన గుర్తు ఆకాశం నుంచి వచ్చింది కాదని, 95 శాతానికి పైగా నమ్మకంతో. ఒక చెరువు మీద తేలిన చిన్న పరికరం, లోకమంతా మోసిన వార్తను పరీక్షకు పెట్టి కాదని చెప్పగలిగింది. మొదటి నక్షత్రాల నాటి అసలు సంకేతం కోసం వేట ఇంకా సాగుతూనే ఉంది. భూమ్మీద ఏ మూలకు వెళ్లినా ఎఫ్.ఎం. చప్పుడు వదలడం లేదు కనుక, అదే సంస్థ ‘ప్రతుష్’ అనే పరికరాన్ని చంద్రుడి చుట్టూ తిప్పాలని ప్రతిపాదించింది. చంద్రుడి అవతలి వైపుకు మన రేడియోలేవీ వినపడవు.

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, విశ్వాన్ని పరిశోధించేవాళ్లకు ఇవాళ అన్నిటికన్నా కరువైనది నిశ్శబ్దం. పెద్ద పరికరాలు డబ్బుంటే వస్తాయి. చదువుకున్నవాళ్లు మన దేశంలో ఉన్నారు. చప్పుడు లేని నేలను మాత్రం కొనితెచ్చుకోలేం, ఉన్నచోటికి మనమే వెళ్లాలి. అలాంటి నేల మన బోథ్‌కు పడమరగా, పక్షి ఎగిరే దారిన 150 కిలోమీటర్లు కూడా లేని దూరంలో ఉంది. మహారాష్ట్ర హింగోలి జిల్లాలో, ఔండా నాగనాథ్ దగ్గర. జ్యోతిర్లింగ దర్శనానికి మన వైపు నుంచి కిన్వట్, నాందేడ్ మీదుగా వెళ్లినవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామందే ఉంటారు. గుడికి వెళ్లి వచ్చినవాళ్లలో ఎంతమందికి తెలుసు, లైగో-ఇండియా అనే గురుత్వ తరంగాల పరిశోధనశాలకు ఎంచుకున్న చోటు అదేనని?

2016 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం దీనికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2023 ఏప్రిల్‌లో 2600 కోట్ల రూపాయలతో పూర్తి ఆమోదం ఇచ్చింది. ఆ ఏడాది మే 11న శంకుస్థాపన జరిగింది. అణుశక్తి శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ కలిసి నడిపే పని ఇది. పుణెలోని ఖగోళ కేంద్రం అయూకా, ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ దీనికి వెన్నెముక. అమెరికాలో రెండు చోట్ల ఉన్న లైగోల కోసం చేసిన మూడో జత పరికరాలను అమెరికా మనకు ఇస్తోంది. భవనాలు, గొట్టాలు, శూన్యం, నడిపే మనుషులు మనవాళ్లే.

శూన్యం అన్నాను కదా, అది ఎలాంటి శూన్యమో చెప్పాలి. లంబకోణంలో రెండు చేతులు చాచినట్టు రెండు గొట్టాలు, ఒక్కొక్కటి 4 కిలోమీటర్ల పొడవు, మీటరు పైచిలుకు వెడల్పు. వాటి లోపల గాలి, బయటి వాతావరణంతో పోలిస్తే లక్ష కోట్లలో ఒక వంతు మాత్రమే మిగలాలి. ఒక లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి రెండు గొట్టాల్లోకి పంపుతారు. చివర 40 కిలోల బరువైన అద్దాలు సన్నని గాజు తీగలకు వేలాడుతూ ఉంటాయి. కాంతి వాటిని తాకి, అటూ ఇటూ వందలసార్లు తిరిగి, మళ్లీ మొదటి చోట కలుస్తుంది. రెండు చేతుల పొడవు కుదిరినంతసేపూ రెండు కిరణాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, చీకటే మిగులుతుంది. ఒక చేయి రవ్వంత సాగి, రెండోది రవ్వంత కుంచించుకుపోతే వెలుగు కనిపిస్తుంది. రవ్వంత అంటే, ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు.

అంత చిన్న కదలికను కొలవాలంటే నేల కదలకూడదు. రైలు పోతే నేల కదులుతుంది. లారీలు, క్రషర్లు, గాలికి ఊగే టవర్లు, దూరాన ఒడ్డును కొట్టే సముద్రపు అలలు, అన్నీ కదిలిస్తాయి. అమెరికాలోని హాన్‌ఫోర్డ్ లైగోలో ఒకసారి కొలతల్లో చిత్రమైన చప్పుళ్లు కనిపించాయి. ఆరా తీస్తే అవి కాకులవి. చల్లని నైట్రోజన్ పోయే గొట్టం మీద మంచు పేరుకుంటే, దాహంతో ఉన్న కాకులు వచ్చి ఆ మంచును ముక్కులతో పొడుస్తున్నాయి. కాకి ముక్కు చప్పుడు కూడా వినగల యంత్రం అది. అందుకే సముద్రానికి దూరంగా, పెద్ద పరిశ్రమలు లేని దక్కను పీఠభూమి మధ్యన హింగోలిని ఎంచారు. ఆ నేల కింద ఉన్నది సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు పొంగిన లావా గడ్డకట్టిన నల్లరాయి. మన జిల్లాలో పత్తి పండే నల్లరేగడిని ఇచ్చిందీ ఆ రాయే. వెనుకబడిన ప్రాంతమని హింగోలినీ మన ఆదిలాబాద్‌నూ ఒకే గాటన కట్టి మాట్లాడేవాళ్లను చాలామందిని విన్నాను. ఆ వెనుకబాటులో కొంత నిజం ఉంది, అది బాధాకరమైన నిజమే. కానీ ఈ నేలకున్న ప్రశాంతత మీద మొదట విలువ కట్టింది ఖగోళ శాస్త్రవేత్తలని మనం గుర్తుంచుకోవాలి.

ఇంతకీ ఆ యంత్రం ఏం వింటుంది?

ఐన్‌స్టైన్ 1915లో గురుత్వాకర్షణకు కొత్త సిద్ధాంతం చెప్పాడు. బరువైన వస్తువు తన చుట్టూ ఉన్న స్థలకాలాలను వంచుతుందని దాని సారం. మరుసటి ఏడాదే, బరువైన వస్తువులు వేగంగా కదిలితే ఆ వంపు తరంగాలుగా పరుగెత్తుతుందని లెక్కగట్టాడు. అవి ఎంత బలహీనమంటే, ఎన్నటికీ కొలవలేరని చాలాకాలం అందరూ అనుకున్నారు. 2015 సెప్టెంబర్ 14, సోమవారం. మన గడియారాల్లో మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలు. అమెరికాలోని రెండు లైగోలూ ఒక్క సెకనులో అయిదో వంతు సేపు కదిలాయి. సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఒకటైపోయాయి. 65 సూర్యుల బరువు ఉండాల్సిన చోట 62 మిగిలింది. తక్కిన మూడు సూర్యుల బరువంతా తరంగాలై పోయింది. జరిగింది సుమారు 130 కోట్ల ఏళ్ల కిందట, చేరింది ఆ సోమవారం. తరంగాల ఊపు సెకనుకు 35 సార్ల నుంచి మొదలై 250 సార్ల దాకా ఎక్కింది. అది మనిషి చెవికి అందే స్థాయి. కనుకనే దాన్ని ధ్వనిగా మార్చి లోకానికి వినిపించగలిగారు. చిన్న పిట్ట కూత మాదిరి మొదలై ఠక్కున ఆగిపోయే చప్పుడు. 2017లో ఈ పనికి రైనర్ వైస్, బారీ బారిష్, కిప్ థార్న్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశం పాత్ర ఇందులో చిన్నది కాదు. కదిలించిన కృష్ణబిలం ఎలా మోగి సద్దుమణుగుతుందో 1970లోనే లెక్కగట్టి చూపినవాడు సి.వి. విశ్వేశ్వర. రొదలో మునిగిన తరంగాన్ని ముందే లెక్కవేసి పెట్టుకున్న రూపాలతో పోల్చి ఏరే పద్ధతికి పుణెలో సంజీవ్ ధురంధర్, ఆయన శిష్యులు 1990ల్లో పునాదులు వేశారు. అప్పటికి అలాంటి తరంగం ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. దొరుకుతుందన్న హామీ లేని పనికి జీవితాలు పెట్టిన మనుషులు వీళ్లు. ఇలాంటివాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలని నా కోరిక.

సరే, అమెరికాలో రెండు, ఇటలీలో విర్గో, జపాన్‌లో కగ్రా ఉండగా హింగోలిలో మరొకటి ఎందుకని అడగవచ్చు. జొన్న చేను కంకి మీద ఉన్నప్పుడు అడవిపందుల కాపలాకు రాత్రి మంచె ఎక్కిన రైతును తలచుకోండి. దూరంగా తుడుం మోగింది. ఏ ఊరి దిక్కున మోగిందో ఆయన కళ్లు మూసుకునే చెబుతాడు. రెండు చెవులు కనుక, శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి ఒక వెంట్రుకవాసి వెనక చేరుతుంది కనుక. గురుత్వ తరంగాలకూ అదే లెక్క. ఒక్కో పరిశోధనశాల ఒక్కో చెవి. చెవుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే దిక్కు అంత కచ్చితంగా తెలుస్తుంది. అమెరికాలోని రెంటి మధ్య 3000 కిలోమీటర్ల దూరం. తరంగం దాన్ని సెకనులో వందో వంతులో దాటేస్తుంది. హింగోలి వాటికి భూగోళానికి దాదాపు అవతలి వైపున ఉంది కనుక ఆ వ్యవధి దగ్గర దగ్గర నాలుగింతలవుతుంది. 2015లో రెండు చెవులే ఉన్నాయి, ఆ కృష్ణబిలాలు ఎక్కడివో వెతకడానికి శాస్త్రవేత్తలకు మొదట చిక్కిన ఆకాశం 600 చదరపు డిగ్రీలు. పున్నమి చంద్రులను పక్కపక్కన పేరిస్తే 3000 మంది పట్టేంత. అందులో ఎక్కడని వెతుకుతారు?

2017 ఆగస్టు 17 సాయంత్రం మూడో చెవి సాయానికి వచ్చింది. ఆరుంపావు కావస్తుండగా లైగోలకు ఒక సుదీర్ఘమైన తరంగం అందింది. అప్పటికే పనిచేస్తున్న విర్గోకు అది సరిగా వినపడలేదు. వినపడకపోవడమే ఆధారమైంది. విర్గో ఏ దిక్కున చెవిటిదో ఆ దిక్కు నుంచే అది వచ్చి ఉండాలి. వెతకాల్సిన ఆకాశం 30 చదరపు డిగ్రీల దాకా తగ్గింది. తరంగం ముగిసిన 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు. కొన్ని గంటల్లో చిలీలోని దూరదర్శినులు చోటు పట్టేశాయి. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 అనే నక్షత్రవీధిలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు అలాంటి చోట పుడతాయని ఆ వెలుగు చూసి తేల్చారు. మీ మెడలోని పుస్తెల బంగారంలో కొంతైనా ఒకప్పటి అలాంటి ఢీకొట్టుడు నుంచి వచ్చిందే. ఆ తర్వాత నెలల తరబడి ఆ చోటి నుంచి వచ్చిన రేడియో తరంగాలను కొలిచిన వాటిలో మన జీఎంఆర్‌టీ అనే రేడియో దూరదర్శిని ఉంది. అది పుణె జిల్లా ఖోడద్‌లో ఉంది. 45 మీటర్ల వెడల్పైన 30 పళ్లేలు పొలాల మధ్య పరచుకుని ఉంటాయి. ఖగోళ శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ కల, కష్టం. దానికీ రేడియో చప్పుడు తక్కువని ఆ పల్లెనే ఎంచుకున్నారు.

ఇక్కడి నుంచి విశ్వశాస్త్రంలో ఇవాళ అన్నిటికన్నా పెద్ద తగవులోకి వస్తాం. విశ్వం ఎంత వేగంగా పెరుగుతోంది? ప్లాంక్ ఉపగ్రహం విశ్వపు తొలినాటి వెలుగును కొలిచి చెప్పిన లెక్క ప్రకారం, ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 67 కిలోమీటర్ల చొప్పున వేగం పెరుగుతుంది. దగ్గరి నక్షత్రవీధుల్లో సెఫీడ్ నక్షత్రాలు, పేలిన నక్షత్రాలతో మెట్టు మెట్టుగా దూరాలు కొలిచినవాళ్లు 73 అంటారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు వచ్చాక తేడా సర్దుకుంటుందని చాలామంది ఆశపడ్డారు, ఈ తగవు తెగలేదు. ఎవరో ఒకరు ఎక్కడో తప్పు కొలిచి ఉండాలి. లేదా విశ్వం గురించి మనకు తెలియని సంగతి ఒకటి ఉండాలి. దీనికి ఎటూ సంబంధం లేని మూడో సాక్షి కావాలి. 2017 నాటి ఆ ఢీ సరిగ్గా అలాంటి సాక్షి. గురుత్వ తరంగం ఎంత బలంగా వచ్చిందో చూస్తే దూరం నేరుగా తెలుస్తుంది, మెట్లు ఎక్కనక్కర లేదు. నక్షత్రవీధి వెలుగు నుంచి వేగం తెలుస్తుంది. అలా కట్టిన లెక్క 70 అని వచ్చింది. అటు 12, ఇటు 8 తేడా ఉండవచ్చన్న షరతుతో. అంటే ఇద్దరిలో ఎవరివైపూ తీర్పు చెప్పలేదు. అలాంటివి ఓ యాభై దొరికితే తగవు తెగుతుందని అంచనా. వెలుగుతో సహా నిస్సందేహంగా దొరికింది ఇప్పటికి ఆ ఒక్కటే. చోటు తెలిస్తేనే వెలుగు దొరుకుతుంది, చెవులు చాలినన్ని ఉంటేనే చోటు తెలుస్తుంది. హింగోలి అవసరం అక్కడుంది.

ఈ మధ్య ఇంకో మెలిక పడింది. అమెరికాలో అరిజోనాలోని డెసీ అనే పరికరం కోటికి పైగా నక్షత్రవీధుల దూరాలు కొలిచి, 2025 మార్చిలో ఒక సూచన చేసింది. విశ్వాన్ని వేగంగా పెంచుతున్నదని చెప్పుకునే కృష్ణశక్తి స్థిరంగా ఉండకపోవచ్చు, కాలక్రమాన తగ్గుతూ ఉండవచ్చు అని. అది ఇంకా సూచనే, రుజువు కాదు. ఎడ్జెస్ కథ విన్నాం కనుక, రుజువు అయ్యేదాకా ఆగడం ఎంత అవసరమో మనకు తెలుసు.

2025 జనవరి 14న, మన సంక్రాంతి నాడు, లైగోలకు ఇప్పటిదాకా అన్నిటికన్నా స్పష్టమైన సంకేతం అందింది. మొదటిదాని లాంటిదే, సూర్యుడికి 30 రెట్లకు పైబడిన రెండు కృష్ణబిలాలు. కలవకముందు రెంటి ఉపరితలం కలిపి సుమారు 2 లక్షల 40 వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణకు రెండింతలు. కలిశాక సుమారు 4 లక్షలు. కృష్ణబిలాల మొత్తం ఉపరితలం ఎన్నడూ తగ్గదని స్టీఫెన్ హాకింగ్ 1971లో కాగితం మీద చెప్పినది కొలతతో నిలబడింది. కలిసిన బిలం మోగి సద్దుమణిగిన తీరు, విశ్వేశ్వర చెప్పిన బాటలోనే నడిచింది.

గురుత్వ తరంగాల్లో ఏళ్ల తరబడి ఒక్క ఊపు ఊగేవీ ఉన్నాయి. వాటికి 4 కిలోమీటర్ల చేతులు చాలవు. అంతరిక్షంలో గడియారంలా తిరిగే పల్సార్‌లను ఏళ్లపాటు గమనించి, వాటి టిక్కుల్లో తేడాలు పట్టాలి. 2023 జూన్ చివరన అలాంటి తరంగాల జాడ దొరికిందని ప్రపంచంలో పలు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. వాటిలో జీఎంఆర్‌టీతో పనిచేసే భారతీయ బృందమూ ఉంది. అందులో సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ వాళ్లున్నారు.

మన ప్రాంతానికి ఆకాశ పరిశోధన కొత్త సంగతి కాదని కూడా చెప్పాలి. 1956 దాకా హింగోలి, నాందేడ్, ఆదిలాబాద్ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. కిన్వట్ అయితే మన జిల్లాలోనిదే, రాష్ట్రాల పునర్విభజనలో అటు పోయింది. ఆ హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండ మీద పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం సర్కారు దాన్ని తీసుకుని, బేగంపేటకు మార్చి, నిజామియా అబ్జర్వేటరీని నడిపింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేయాలని ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకున్నప్పుడు, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. టి.పి. భాస్కరన్ నాయకత్వంలో మనవాళ్లు ఒక్కో గాజు పలక మీద ఒక్కో చుక్క స్థానాన్ని చేత్తో కొలిచి, లక్షల నక్షత్రాలను సంపుటాలకు ఎక్కించారు. తమ వంతు ముగిశాక ఉత్తరాన ఇంకో పట్టీ కూడా చేసిచ్చారు. అక్కడి ఉద్యోగి కొడుకుగా హైదరాబాద్‌లో పెరిగిన వైను బప్పు తర్వాత దేశంలో ఆధునిక ఖగోళశాస్త్రానికే పెద్ద దిక్కయ్యాడు. 1968లో రంగారెడ్డి వైపు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వచ్చింది. నగరం పెరిగి, దాని వెలుగు ఆకాశాన్ని కమ్మేసి, బేగంపేటలో నక్షత్రాలు చూసే వీలే లేకుండా పోయింది. ఆ నష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

అంతకన్నా పాత ఆకాశ విద్య ఒకటి మన గూడేల్లో ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసర్చ్‌కు చెందిన మయాంక్ వాహియా, ఆయనతో గణేశ్ హల్కరే, మహారాష్ట్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్‌లలో 15 దాకా గోండు ఊళ్లు తిరిగి, పెద్దలు ఆకాశాన్ని ఎలా చూస్తారో అడిగి 2013లో ప్రచురించారు. సప్తర్షులంటూ మనం చూసే చుక్కల్లో గోండు పెద్దలకు నాలుగు ఒక ముసలమ్మ మంచం, వెనుక మూడు ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. మృగవ్యాధుడి చుక్కల్లో నాగలి కనిపిస్తుంది. పాలపుంత పశువులు నడిచే బాట. వాళ్లు తర్వాత కోలాములు, బంజారాల ఆకాశాన్ని కూడా రాసిపెట్టారు. ఎవరి నుంచీ అరువు తెచ్చుకోని, తరాలుగా తమ కళ్లతో చూసి కట్టుకున్న జ్ఞానం అది. పుష్య అమావాస్య చీకట్లో కెస్లాపూర్ నాగోబాకు పూజ మొదలుపెట్టే మెస్రం వంశీయులకు చంద్రుడి లెక్క పంచాంగం అచ్చు కాకముందే తెలుసు. ఆ పెద్దలు ఉండగానే వాళ్ల మాటలు రాసిపెట్టే పని మన చదువుకున్న పిల్లలది. పుణె నుంచి, ముంబై నుంచి ఎవరో రావాలని చూడొద్దు.

చివరగా బోథ్, ఇచ్చోడ, నేరడిగొండ, బజార్‌హత్నూర్ మండలాల విద్యార్థులకు, వాళ్ల సార్లకు ఒక మాట. లైగో-ఇండియాకు భౌతికశాస్త్రంలో డాక్టరేట్లు చేసినవాళ్లే కాదు, ఇంకా చాలామంది కావాలి. 8 కిలోమీటర్ల గొట్టంలో వెంట్రుకంత సందు లేకుండా అతుకు వేయగల వెల్డర్ కావాలి. పంపులు, చల్లదనం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు చూసేవాళ్లు కావాలి. ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదివే అమ్మాయిలకూ అబ్బాయిలకూ అందులో చోటుంది. దాన్ని నడిపే పని దశాబ్దాలు సాగుతుంది. ఇవాళ ఎనిమిదో తరగతి చదివే పిల్ల పెద్దదయ్యేసరికి ఆ యంత్రానికి ఆమె అవసరం పడుతుంది. పొరుగున పని ఉందని తెలియక మన పిల్లలు దాన్ని పోగొట్టుకోవడం జరగకూడదు.

ప్రతి ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినం నాడు, ఖోడద్‌లో జీఎంఆర్‌టీ తలుపులు తెరుస్తారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు, బడిపిల్లలు వేలల్లో వచ్చి, పరికరాలు చూసి, శాస్త్రవేత్తలను నేరుగా ప్రశ్నలడుగుతారు. మన బడుల నుంచి, ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లలను ఈసారి అక్కడికి తీసుకెళ్లాలని ప్రధానోపాధ్యాయులను, అధికారులను కోరుతున్నాను. నాందేడ్ మీదుగా దారి ఉంది. తిరుగు ప్రయాణంలో ఔండా నాగనాథ్ దగ్గర ఒక పూట ఆగి, ఆ నేల ఎక్కడుందో పిల్లలకు చూపించండి.